లారీ తొక్కిన ముగ్గు

మా పక్కింటి శేషమ్మ ఆంటీ తెనాలి నుంచి వచ్చి పదకొండేళ్లు. అయినా వాన లేని ప్రతి పొద్దునా గుమ్మం ముందు బియ్యప్పిండితో నాలుగు గీతలు గీయనిదే కాఫీ ముట్టదు. లండన్ శివార్లలోని మా వీధిలో ఇళ్లకు వాకిళ్లెక్కడివి? తలుపు తీస్తే పేవ్‌మెంట్, అది దాటితే రోడ్డు.

2014లో పెద్దరోడ్డు తవ్వడం మొదలెట్టాక లారీలన్నీ మా సందులో పడ్డాయి. రెండు ఎదురుపడితే ఒకటి పేవ్‌మెంట్ ఎక్కాల్సిందే. ఆంటీ భయమంతా వాళ్లాయన సదాశివం అంకుల్ గురించే. పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఆయన్ని రోజూ నడవమన్నారు డాక్టరు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి ఆవిడ ప్రాణాలు అరచేతిలో ఉండేవి.

వీధుల బాగోగులు చూసే కౌన్సిల్‌కు నేను మూడు ఉత్తరాలు రాశాను. లారీలు పేవ్‌మెంట్ ఎక్కుతున్నట్టు ఆధారం లేదని జవాబు. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి ఓ గురువారం పదింటికి మనిషిని పంపుతామన్నారు.

"ఆధారమేగా? నేనిస్తాను చూడు ప్రఫుల్లా," అంది ఆంటీ.

ఆ పొద్దున వాన లేదు. అంకుల్ నడకకు వెళ్లగానే గోడ నుంచి రోడ్డు అంచు దాకా పేవ్‌మెంట్ నిండా ముగ్గు పరిచింది. లారీ ఎక్కితే చక్రం అచ్చు పడుతుంది, వచ్చినవాడు కళ్లారా చూస్తాడు. భేషుగ్గా ఉందని నేనే పిండి డబ్బా అందించాను. ఇద్దరం ఒక్క సంగతి మరిచిపోయాం.

అంకుల్ తిరిగొచ్చి ముగ్గు చూసి ఆగారు. జన్మలో ముగ్గు తొక్కిన మనిషి కాదు. కర్ర కిందికి దింపి, రోడ్డు మీదికి దిగి, దాని అంచు వెంబడి నడవడం మొదలుపెట్టారు. అప్పుడే ఇటు నుంచి ఒక లారీ, అటు నుంచి ఇంకొకటి.

"ఏవండీ, ముగ్గు తొక్కండి. గోడ వైపుకి రండి," అంది ఆంటీ.

"ఇంత చక్కగా వేశావే..."

"మీకు దణ్ణం పెడతాను, తొక్కండి."

ఆయన తటపటాయిస్తూనే ఉన్నారు. ఆవిడే ముగ్గులోకి పరిగెత్తి, చెయ్యి పట్టి పైకి లాగింది. ఇద్దరూ గోడకు ఆనుకున్నారో లేదో, లారీ అంచెక్కి అంకుల్ కోటు రాసుకుంటూ పోయింది.

పదింటికి కౌన్సిల్ మనిషి వచ్చాడు. ముగ్గు మీద నల్లటి చక్రం అచ్చు, దానికి జానెడు ఇవతల అంకుల్ బూటు అచ్చు. ఆ జానెడునీ టేపుతో కొలిచి, ఫోటోలు తీసుకున్నాడు. నెల తిరక్కుండా వీధి మొదట్లో లారీలు రాకూడదని బోర్డు పెట్టారు.

ఇప్పుడు వీధి ప్రశాంతంగా ఉంది. ఆంటీ ముగ్గు వేస్తూనే ఉంది, గుమ్మం ముందు చిన్నగా. అంకుల్ నడకకు బయల్దేరినప్పుడు వంటింట్లోంచి "తొక్కారా?" అని అడుగుతుంది. తొక్కానని ఆయన చెప్పేదాకా కాఫీ ముట్టదు.