కరెంటు అయస్కాంతం కింద

రాంగోపాల్‌పేట్‌లో హేమచంద్రగారి ఇనుప గోదాములో క్రేన్ నడిపే పోలరాజుది శ్రీకాకుళం వైపు. క్రేన్‌కు ఇనుప ప్లేటు వేలాడుతుంటే కిందికి పిల్లిని కూడా రానిచ్చేవాడు కాదు. పిరికివాడని గోదామంతా ఏడిపించేది. నన్నడిగితే, అక్కడ బుర్ర ఉన్నవాడు అతనొక్కడే.

మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. గొలుసులు కట్టి ప్లేట్లు ఎత్తే తీరిక లేక, హేమచంద్ర అయస్కాంతం కొందామన్నాడు. అమ్మేవాళ్లు రెండు రకాలు చూపించారు. శాశ్వత అయస్కాంతానికి కరెంటు అక్కర్లేదు, పిడి తిప్పేదాకా పట్టు సడలదు, కానీ ఎత్తే బరువు తక్కువ. కరెంటుతో పనిచేసేది దానికి మూడింతలు ఎత్తుతుంది.

"కరెంటు పోతే ఏటవుద్ది బాబూ?" అన్నాడు పోలరాజు.

"బ్యాటరీ ఉందిగా! బలం చూడవయ్యా, బలం!" అని హేమచంద్ర కరెంటుదే కొన్నాడు. అప్పట్నుంచి కరెంటు పోయినప్పుడల్లా పోలరాజు ముందు ప్లేటు కింద ఎవరైనా ఉన్నారేమోనని చూసేవాడు.

ఆయుధపూజ రోజు వచ్చినవాళ్లకు దాని బలం చూపించాలని, పెద్ద ప్లేటుకు బంతిపూల దండలు వేయించి, తలల పైకి ఎత్తించాడు హేమచంద్ర. పోలరాజు వద్దన్నా వినలేదు.

పనివాడు రాములు కుంకుమ గిన్నెతో బయల్దేరాడు. తడిచేతికి షాకు కొడుతుందని, ఏ యంత్రానికైనా స్విచ్చి కట్టేశాకే బొట్టు పెట్టడం అక్కడి అలవాటు. ముందు మెయిన్ కట్టేశాడు. క్రేన్ ఆగిపోయింది. కింద నిలబడ్డ పోలరాజు చేతిలోని బటన్ ఎంత నొక్కినా ప్లేటు దిగలేదు. ఇప్పుడు దాన్ని పట్టి ఉంచింది బ్యాటరీ ఒక్కటే. రాములు ఆ బ్యాటరీ పెట్టె వైపే నడుస్తున్నాడు.

"రాములూ! దాని స్విచ్చి ముట్టుకోకు!" అని అరిచాడు పోలరాజు.

డప్పుల మోతలో ఆ మాట సరిగా వినపడలేదు. "జెర ఆగన్నా! దీనికి సుత బొట్టు పెట్టి వస్తా!"

సరిగ్గా అప్పుడే పోలరాజు భార్య అచ్చియమ్మ, జారిపోతున్న దండ సర్దుదామని ప్లేటు కిందికి వెళ్లింది. పోలరాజుకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్లి ఆమె మణికట్టు పట్టుకుని ఇవతలికి ఈడ్చాడు. అవతల రాములు స్విచ్చి కట్టేశాడు. వెనకే ప్లేటు పడింది. నేల అదిరింది. డప్పులు ఆగిపోయాయి.

హేమచంద్ర పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఆ కరెంటు అక్కర్లేని అయస్కాంతమే తెద్దాం పోలరాజూ. ఎంత ఎత్తితే అంతే ఎత్తనీ."



"నాకేటీ అవనేదు. సెయ్యి ఒగ్గండి, నొప్పెడతంది," అంది అచ్చియమ్మ.

వదులుదామనే అనుకున్నాడు. వేళ్లు తెరుచుకోలేదు.