పరాయి చెమట నా ఆదాయమైన కాలం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! కోరుట్లలో జాకెట్లు కుట్టుకొని బతికే నన్ను ఆదాయపు పన్ను వాళ్లు ఒక్క నోటీసుతో కోటీశ్వరుణ్ణి చేశారు. అందులోని అంకె ఎంత పొడుగంటే, మా ఆవిడ ఎస్తేరు ఒక కొస చదువుతుండగానే రెండో కొస మెట్‌పల్లి దాటిపోయింది! నవ్వండి, ఫరవాలేదు, ఆ పూట మా ఇంట్లో మాత్రం వండిన అన్నం వండినట్టే ఉంది.

మా తమ్ముడు దుబాయిలో కూలీల క్యాంపులో ఉండేవాడు. అతని గదిలో బుగ్గారం, ఎల్లారెడ్డిపేట దిక్కు మనుషులు ఉండేవారు, వాళ్ల ఇళ్లలో ఎవరికీ బ్యాంకు ఖాతా లేదు, అందుకని అందరి జీతాలూ కలిపి నా ఖాతాకు పంపితే నేను మోపెడ్ మీద ఇంటింటికీ తిరిగి ఇచ్చేవాణ్ణి. రసీదా? భర్త కష్టార్జితం చేతిలో పెట్టి సంతకం అడిగితే మా దిక్కున అది నమ్మకం లేదని తిట్టినట్టే!

ఆ పైకమంతా నేను దాచిన ఆదాయమని అధికారి రాశాడు. అప్పీలుకు పోతే, ఆ మనుషుల సాక్ష్యం లేదని అదీ కొట్టేశారు. ఖాతా ఆపేశారు, ఇల్లు జప్తు అన్నారు. ఇక మిగిలింది హైదరాబాదు ట్రిబ్యునల్. జగిత్యాల ఆడిటర్ ఒక్కటే మాట చెప్పాడు: "గా ఇండ్లోల్లు అచ్చి, పైసలు మావని రాసియ్యాలె. లేకుంటే నీ ఇల్లు పాయె అన్నా."

గడపగడపకూ పోయాను. నా మోపెడ్ చప్పుడుకే చాయ్ పెట్టినవాళ్లు తలుపులు దగ్గరకేసుకున్నారు. దుబాయి జీతానికి ఇక్కడ పన్ను లేదని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. బుగ్గారంలో ఒక పెద్దమ్మ గోడ అవతలి నుంచే, "సంతకం పెడితే గా పన్ను మా నెత్తిన పడ్తదట కొడుకా, మమ్ముల ఇడిసిపెట్టు" అంది.

ఇంటికొచ్చి మోకరించాను. నా మోకాళ్ల కింద బండ గుంట పడింది, నమ్మనివారు వచ్చి చూడొచ్చు! "తండ్రీ, మాటలొస్తలేవు. ఇల్లు పోతే పోనీ గని, నన్ను దొంగనని రాయనీయకు" అని ఏడ్చాను. జవాబు లేదు. నెలల తరబడి లేదు. చివరికి ఆ పన్ను కట్టడానికి నేనే దుబాయి పోతానని ఏజెంటును అడిగితే, "నీ వయసుకు గాడ ఒంటెలు గూడ రిటైరైతయే" అన్నాడు. ఆ రోజు ప్రార్థన చేయడం కూడా మానేశాను సహోదరులారా.

అప్పుడొచ్చింది ఎల్లారెడ్డిపేట లస్మవ్వ. ఆమె భర్త ఆ క్యాంపులోనే ఎండదెబ్బకు చనిపోయాడు. ఆమెను బాధపెట్టలేక ఆ ఒక్క గడపకే నేను పోలేదు. దుకాణం మెట్లెక్కుతూనే అడిగింది.

"ఏందే అన్నా, మా ఆయన పంపిన పైసలు నీ సంపాదనని రాసిన్రట?"

"అవును చెల్లె."

"గా ఎండలనే పానమిడిసిండు గదా ఆయన! గా కష్టం ఇంకోని పేర ఎట్ల రాస్తరు? నడువు, యాడ పెట్టాలె సంతకం?"

"పన్ను పడ్తదని అందరు భయపడ్తున్రు..."

"పడనీ. గట్లన్న ఆయన కష్టపడ్డడని సర్కారు రాస్కుంటది."

ఆమే మిగతా ఆడవాళ్ల దగ్గరికి పోయి, "మీ ఆయన కష్టం ఇంకోని పేర ఎట్ల రాస్తరు?" అని అడిగింది. ఒక్కొక్కరే జగిత్యాల వచ్చి రాసిచ్చారు. ట్రిబ్యునల్ ఆ కాగితాలు తీసుకొని కేసును మళ్లీ విచారించమంది, అధికారి వాళ్లను పిలిచి విన్నాడు, పైకం నాది కాదని తేల్చాడు. భయం తీరని ఒక్క ఇంటి వాటా మాత్రం నా మీదే నిలిచింది. ఇప్పటికీ జాకెట్లు కుట్టి కడుతున్నాను.

లస్మవ్వ మన సంఘానికి రాదు, ఆమె మొక్కులు ఆమెకున్నాయి. అయినా నేను ప్రార్థన మానేసిన నాడు, నేను అడగని గడప నుండి దేవుడు జవాబు పంపాడు! మీలో ఎవరికైనా ఆకాశం మూసుకుపోయినట్టుంటే, మీ నోట మాట రాకపోయినా ఆయనను నమ్మండి.

ఆర్డరు రాగానే తీసుకెళ్లి లస్మవ్వకు చదివి వినిపించాను. భర్త పేరు దగ్గర ఆపమంది. "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. మహిమంతా దేవునికే!