మీటరుకి పెట్టిన బొట్టు

మా చిన్నాన్న క్రితం నెల ఒక సోమవారం పొద్దున్న చనిపోయారు. నేను కాలేజీకి ఆటో ఎక్కుతూ ఉండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "దీదీ, పాపా నహీఁ రహే" అంది. ఆయన తెలుగులో ఏం అడిగినా హిందీలో జవాబు చెప్పే పిల్ల అది. ఆ కబురూ హిందీలోనే చెప్పింది. "ఎప్పుడే?" అన్నాను. "అభీ" అంది, ఇప్పుడే అని. కాలేజీ ఉన్న సాక్చీ వద్దు, చిన్నాన్న వాళ్ళ ఇల్లున్న భాలుబాసా పోనివ్వమని ఆటో అతనికి చెప్పాను.

గుండె నొప్పి అన్నారు. నెల రోజులుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందట. ఎవరికీ చెప్పలేదు. ఆ విషయంలో నాకు ఆయన మీద ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండరు. భాలుబాసాలో రెండు గదుల ఇల్లు, గమ్హరియాలో ఒక చిన్న ఫోర్జింగ్ షాపులో పెద్ద మిస్త్రీ ఉద్యోగం, ఆ రెంటి మధ్య ఇరవై ఏళ్ళు సైకిలు, తర్వాత స్కూటరు. మా తాత టెక్కలి వైపు నుంచి ఇనుము పనికి హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరొచ్చాడు. నాన్న, చిన్నాన్న ఇక్కడే పుట్టారు. నాన్న నా చిన్నప్పుడే పోతే, నన్ను ఎమ్మే దాకా చదివించింది చిన్నాన్నే. ఆయన చదివింది ఎనిమిది.

ఆ షాపులో పైపులు కలిపే ఉక్కు చక్రాలు చేస్తారు. వాటిని ఫ్లాంజిలంటారు. ఉక్కు దిమ్మని గ్యాసు కొలిమిలో ఎర్రగా కాల్చి, పెద్ద సమ్మెట మిషను కింద పెట్టి కొడతారు. ఎంత కాలిందో చిన్నాన్న రంగు చూసి చెప్పేవారు. ఆయన లెక్కలో దొండపండు, బొప్పాయి, నిమ్మపండు అని మూడు రంగులు. బొప్పాయి దాటి నిమ్మపండు కాకముందు బయటికి తీయాలి. చొక్కా జేబులో ఒక నీలి అద్దం ముక్క ఉండేది. కంటికి అడ్డం పెట్టుకుని కొలిమిలోకి చూసి ఎంత వేడో ముందు తనో అంకె చెప్పి, ఆ తర్వాత వేడి చూపే మీటరు చూసేవారు. చాలాసార్లు అంకె సరిపోయేది. సరిపోని రోజు ఇంటికొచ్చి "ఇయ్యాల మీటరే నెగ్గింది" అని అందరికీ చెప్పుకునేవారు. ఓడిపోయిన రోజు దాచుకునే అలవాటు ఆయనకి లేదు.

నేను కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ప్రపంచీకరణ వల్ల దేశాల సార్వభౌమత్వం ఏమవుతోంది అని ఒక పాఠం ఉంటుంది. ఏటా ఆ పాఠం వచ్చే రోజుల్లో చిన్నాన్న నన్ను ఆటపట్టించేవారు. "ఏటమ్మా, నీ సార్వబౌమత్వం ఈ ఏడు బతికుందేటి?" అనేవారు. అసలు ఆ మాటకి అర్థం ఏమిటని ఒకసారి నిజంగానే అడిగారు. ఒక దేశం తన గడ్డ మీద తన చట్టాలు తనే చేసుకోవడం, పైన ఇంకెవరి అజమాయిషీ లేకపోవడం అని చెప్పాను.

"అయితే మా షాపు ఏ దేశంలో ఉన్నట్టే?" అన్నారు. "సక్రం ఎలాగుండాలో నక్షా గీసి ఒక దేశం పంపుతాది. ఉక్కు రేటు ఇంకో దేశంలో కడతారు. నా కాలి బూటు ఎలాగుండాలో మరో దేశపోడు సెప్తాడు. కరెంటు తీసీడం మట్టుకు మనోళ్ళ సేతిలో ఉంది."

నేను నవ్వేశాను. మర్నాడు క్లాసులో ఆ మాటే చెప్పాను, నా మాటలాగే.

రెండేళ్ళ క్రితం ఆ షాపుకి ఒక కొత్త వస్తువు వచ్చింది. వాళ్ళ చక్రాల్లో సగం ఐరోపాలో ఒక కంపెనీ కొంటుంది. ఉక్కు సరుకు చేసేటప్పుడు ఎంత గ్యాసు కాలింది, ఎంత పొగ వెళ్ళింది అన్న లెక్క చూపించాలని అక్కడ చట్టం వచ్చింది. ఆ లెక్క కోసం కంపెనీ వాళ్ళు గ్యాసు మీటరు ముందు చిన్న కన్ను లాంటిది ఒకటి బిగించారు. పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మీటరు మీద అంకెలు చూసి గంటగంటకీ ఆ దేశానికి పంపుతుంది. లెక్క తెగితే ఆర్డరు ఆపుతామని ఒప్పందంలో రాశారు. ఆ ఆర్డరు లేకపోతే షాపులో పదహారు మందిలో సగం మందికి పని ఉండదు.

ఆ ఏడే విశ్వకర్మ పూజ నాడు గొడవ జరిగింది. ఈ ఊళ్ళో ఆ రోజు ఏ మిషనూ తిరగదు. మిషన్లన్నీ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చేతులు జోడించి వచ్చేస్తారు. షాపులో ఆ బొట్టు పెట్టే పని ముప్పై ఏళ్ళుగా చిన్నాన్నదే. సమ్మెటకి పెట్టారు, కొలిమికి పెట్టారు, మీటరుకి పెట్టారు. కొత్తగా వచ్చిన కన్నుకి పెట్టకపోతే బాగుండదని దానికీ పెట్టారు, అద్దం మీద, చక్కగా మధ్యలో. పూజ బొట్టు చేత్తో తుడవరు కదా, అది మర్నాడు కూడా అలాగే ఉంది. మర్నాడు కొలిమి అంటించి పని మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఐరోపా నుంచి మెయిలు వచ్చింది. నిన్నటి నుంచి లెక్క రావడం లేదు, ఎల్లుండి వీడియోలో మాట్లాడాలి, అందాకా ఆర్డరు ఆపుతున్నాం అని.

షాపు యజమాని ఆదివాసీ వాడల్లో పుట్టి పెరిగిన పెద్దమనిషి, పెద్దగా ఇంగ్లీషు రాదు. నన్ను పిలిపించారు. ఆయన గదిలోకి వెళ్ళగానే మెల్లిగా చెప్పారు. "మేడమ్, మిషన్ ఖరాబ్ హో గయా థా, బస్ ఇత్నా బోల్ దీజియే." కన్ను దానంతట అదే పాడైందని చెప్పేస్తే సరిపోతుందన్నమాట. పదహారు ఇళ్ళ సంగతి అని కూడా అన్నారు. నాకూ అదే నయం అనిపించింది. మీటరుకి బొట్టు పెట్టామంటే ఆ దేశం వాళ్ళు మమ్మల్ని ఏమనుకుంటారో అన్న సిగ్గు కూడా ఉంది. దాచడం ఎందుకు, నాకు ఆ సిగ్గే ఎక్కువ.

వీడియోలో మాట్లాడే రోజు తెర మీద ఆ కంపెనీ తరఫున ఒక నడివయసు ఆవిడ కనిపించింది. ఏం జరిగిందో కొలిమి చూసే మనిషే చెప్పాలంది. చిన్నాన్న తెలుగులో మొదలుపెట్టారు.

"బొట్టు నేనే పెట్టేనమ్మా. పూజ నాడు మిషనికి బొట్టెట్టకుండా ఒగ్గీడం మాకు నేదు. ఆ కన్నూ మిషనే అనీసి దానికీ ఎట్టేను. అది అద్దానికి అడ్డమైపోయింది. తప్పు నాదే."

నేను ఇంగ్లీషులో చెప్పింది ఇది. అద్దం మీద ఏదో పదార్థం అంటుకుంది, అది గమనించడం ఆలస్యమైంది.

చిన్నాన్న నా వైపు తిరిగారు. విదేశీ ఇంజనీర్లతో పనిచేసినవారు, నాలుగు ఇంగ్లీషు మాటలు రాకపోవు. "అమ్మా, నువ్వు సెప్పినదాన్లో పూజ నేదు" అన్నారు. కోపంగా అనలేదు. కొలిమిలో దిమ్మ సరిగ్గా కాలకపోతే పని నేర్చుకునే కుర్రాళ్ళకి చెప్పే గొంతుతో అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్ళీ మొదటి నుంచి మొత్తం చెప్పాను. పూజ, గంధం, చేత్తో తుడవకపోవడం, అన్నీ చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. అయితే పూజ రోజు కొలిమి ఆగి ఉన్నట్టేనా అని అడిగింది. చిన్నాన్న ఫోను తీసి షాపు గోడ ఫొటో చూపించారు. కొలిమి ఎప్పుడు అంటించింది, ఎప్పుడు ఆపింది రోజూ ఆ గోడ మీద సుద్దతో రాసేవారు. "పూజ నాడు మొత్తం ఆపీసినాం. మర్నాడు ఆరింటికి అంటించినాం. మీ మెయిలు వచ్చి, అద్దం కడిగీసరికి పన్నెండున్నర. ఆ ఆరున్నర గంటలూ నిండా కాలినట్టే రాసుకోమను. తక్కువ రాయొద్దను" అన్నారు. పొగ లెక్క పెరిగితే తనకే నష్టమని యజమాని తల పట్టుకున్నారు. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆయన ఇంకో మాట అన్నారు. "ఒక మాట అడగమ్మా. మీ ఫారంలో లెక్క ఎందుకు తెగిందన్న కాడ రిపేరుంది, కరెంటుంది, ప్రమాదం ఉంది. పూజ నేదు. రాసీముందు మమ్మల్ని అడిగుంటే సెప్పీవోళ్ళం కదా అను." అదీ ఇంగ్లీషులో అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది.

ఇంటికి వెళ్తూ, ఆయన స్కూటరు మీద వెనక కూర్చుని నేను ఊరుకోలేకపోయాను. రెండు వందల ఏళ్ళు వాళ్ళు బొగ్గు కాల్చుకున్నారు, ఇప్పుడు మన పొగ లెక్క అడుగుతున్నారు, మన పార్లమెంటు చేయని చట్టం మన గమ్హరియాలో నడవడం ఏమిటి అని, క్లాసులో చెప్పేదంతా ఆయన వీపుకి చెప్పాను. ఆదిత్యపూర్ దాటే దాకా విన్నారు.

"నువ్వన్నది నిజమే. గానీ రూలు తప్పు కాదమ్మా" అన్నారు. "మేడ మీద ఆరేసిన బట్టలు మసైపోతన్నాయి, ఆ పొగ మనదే. ఎవుడో ఒకడు లెక్క రాయాలి. మనల్ని అడక్కుండా రాసీడమే తప్పు."

ఆ మాట నేను ఇప్పుడు క్లాసులో చెబుతాను. పరీక్షలో రాస్తే మార్కులు పడవని కూడా చెబుతాను. కానీ సార్వభౌమత్వం గురించి నేను చదివిన పుస్తకాల్లో అంత తేలిగ్గా నాకు అర్థమైన వాక్యం లేదు. మా చిన్నాన్న మాట అని ఇప్పుడు పేరు పెట్టి చెబుతున్నాను. మొదటిసారి దొంగిలించిన దానికి అది పరిహారం.

పది రోజులకి ఆర్డరు తిరిగి మొదలైంది. తర్వాత వచ్చిన ఫారంలో కారణాల వరుస కింద ఒక ఖాళీ గడి ఉంది. "స్థానిక కారణం, మీ మాటల్లో" అని ఉంది. అది మా వల్లే వచ్చిందో, ఇంకెక్కడో ఇంకెవరైనా అడిగారో నాకు తెలియదు. చిన్నాన్నకి చూపిస్తే "అడిగినారు, బాగుంది" అని ఊరుకున్నారు. ఆయన చేసిందల్లా, మీటరు పక్కన గోడ మీద అరచేయంత మేర తెల్ల రంగు వేయడం. మరుసటి ఏటి నుంచి కన్నుకి పెట్టాల్సిన బొట్టు ఆ తెల్ల గడిలో పెట్టేవారు.

సోమవారం మధ్యాహ్నం సువర్ణరేఖ ఒడ్డుకి తీసుకెళ్ళాం. షాపు వాళ్ళందరూ పని బట్టలతోనే వచ్చారు. ఆయన కూతురు చితి ముందు నిలబడి "నాన్నా" అంది. ఆయన బతికుండగా ఆ పిల్ల ఆ మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు.

పన్నెండో రోజు అయ్యాక ఆయన సామాన్లు తేవడానికి షాపుకి వెళ్ళాను. ఒక టిఫిను డబ్బా, ఒక పాత చొక్కా, నీలి అద్దం ముక్క. ఆయన తర్వాత పెద్ద మిస్త్రీ అయిన సర్దార్జీ నన్ను కంప్యూటరు దగ్గరికి పిలిచారు. ఆ నెల లెక్క పంపడానికి అదే చివరి రోజట. సోమవారం వరుసలో పన్నెండు నుంచి మూడు దాకా గంటగంటకీ సున్నా ఉంది. మేం నది ఒడ్డున ఉన్న సమయం అది. కింద ఖాళీ గడిలో హిందీలో రాసి ఉంది. మా పెద్ద మిస్త్రీ పోయారు, ఆయన్ని సాగనంపడానికి కొలిమి ఆర్పి వెళ్ళాం, వెళ్ళేముందు కొలిమికి దండం పెట్టాం అని.

"బేటీ, ఇంగ్లీషులో పెట్టు. ఎక్కువనిపిస్తే కొంచెం తీసెయ్" అన్నారు ఆయన హిందీలో.

కూర్చుని టైపు చేశాను. దండం పెట్టిన సంగతితో సహా, ఒక్క మాట తీయలేదు. సర్దార్జీ వంగి, వేలితో ఒక్కో అక్షరం చూసుకుని, పంపమన్నారు.

లేచి వస్తూ మీటరు దగ్గర ఆగాను. తెల్ల గడిలో క్రితం పూజ నాటి బొట్టు సగం రాలిపోయి, ఆయన వేలి ముద్ర అంత మేర ఇంకా ఎర్రగా ఉంది. పక్కన ఆ పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ, కొలిమి లెక్క పంపుతూనే ఉంది.