గుట్ట మీద మిగిలిన మనిషి

పదకొండుంబావుకి నా చేతిలో ఇరవై రెండు నంబరు బిళ్ళలున్నాయి. పొద్దున నేను పంచినవీ ఇరవై రెండే. లెక్క సరిపోయింది, పుస్తకంలో సంతకం పెట్టాను. అప్పటికి గుట్ట మీద ఒక మనిషి ఉండిపోయాడని నాకు తెలియదు.

నేను రిటైరైన సర్దార్ని. బొగ్గుబావిలో దిగినవాళ్ల నెత్తిన కప్పు కూలకుండా, గ్యాసు తగలకుండా చూసి, షిఫ్టు అయ్యాక లెక్కపెట్టి పైకి పంపే పని సర్దార్ది. ముప్పై ఏళ్లు ఆ పని చేశాను, ఒక్కరోజు లెక్క తప్పలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో మా ఇంట్లోవాళ్లని అడగండి. మొదలుపెట్టగానే లేచి వెళ్లిపోతారు.

గోదావరిఖనిలో మా కాలనీ వెనక ఒక మట్టిగుట్ట ఉంది. ఓపెన్‌కాస్టు గని తవ్వేటప్పుడు బొగ్గు మీద ఉన్న మట్టినంతా తెచ్చి అక్కడ పోశారు. తర్వాత కానుగ, వేప, వెదురు నాటి, కంచె వేసి, మేకల్నీ గొడ్డళ్లనీ రానీయకుండా కాపాడారు. ఇన్నేళ్లకి అది అడవే అయింది. నెమళ్లు వచ్చాయి, కుందేళ్లు వచ్చాయి. కాలనీ జనానికి ఆదివారాలు ఆ గుట్ట తిప్పి చూపించే పని నేనే పెట్టుకున్నాను. తోటలు చూసే ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. ఒకే ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. గుట్ట అవతల ఇంకా ఓపెన్‌కాస్టు నడుస్తోంది. పన్నెండింటికి బ్లాస్టింగ్. గుట్ట వెనక వాలు మీదికి రాళ్లు ఎగిరి పడతాయి. కాబట్టి పదకొండున్నరలోపు అందరూ కిందికి దిగాలి, దిగారని నేను గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టాలి. నా సంతకం చూశాకే గుట్ట మీద జనం లేరని బ్లాస్టింగ్ వాళ్లకి కబురు పోతుంది.

బావిలో దిగేటప్పుడు మనిషికొక బిళ్ళ ఉంటుంది. బయటికొచ్చి బిళ్ళ అప్పగిస్తేనే మనిషి పైకి వచ్చినట్టు. నేనూ అదే పద్ధతి పెట్టాను. పాత డబ్బా మూతలు గుండ్రంగా కత్తిరించి, నంబర్లు రాసి, గుట్ట ఎక్కేముందు పంచి, దిగాక వసూలు చేసేవాణ్ని. కాలేజీ పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వండి, మనిషి లెక్క మనిషి లెక్కే అనేవాణ్ని.

ఆ ఆదివారం అందరూ ఇళ్లకు పోతున్నారు. ఆటోలు ఎక్కేవాళ్లు ఎక్కారు, బండ్లు తీసేవాళ్లు తీశారు. ఒక్కాయన మాత్రం కల్వర్టు మీద కూర్చుని కదలడం లేదు. నా జట్టులో పనిచేసిన పాత మనిషే. ఎప్పుడూ జంటగా తిరుగుతాడు. ఆ జంటలో రెండో ఆయన డ్రిల్లు మిషన్ పట్టీ పట్టీ రెండు చెవుల వినికిడీ పోగొట్టుకున్నవాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటారు. క్వార్టర్లు కూడా పక్కపక్క వీధుల్లోనే.

"ఇంటికి పోవా?" అని అడిగాను.

"బావ రానీ. ఇద్దరం పోతం" అన్నాడు.

"యాడికి పోయిండు బావ?"

ఆయన గడ్డం ఎత్తి గుట్ట వైపు చూపించాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. చేతిలో బిళ్ళలు మళ్లీ చూసుకున్నాను. ఇద్దరివీ ఉన్నాయి.

"ఆయన బిళ్ళ నా దగ్గరికి ఎట్ల వచ్చింది?"

"నేనే ఇచ్చిన సర్దారూ. మెల్లగ వస్త, నువ్వు నడువు అన్నడు. ఎప్పటి లెక్కనే ఇద్దరివీ నేనే ఏసిన."

ఎప్పటిలాగే! బావిలో వీళ్ల అలవాటే అది. షిఫ్టు అయ్యాక బిళ్ళలు ఇచ్చే కిటికీ దగ్గర లైను ఉంటుంది, ముందొచ్చినవాడు వెనకొచ్చే జోడీదారు బిళ్ళ కూడా పట్టుకొచ్చి ఇచ్చేస్తాడు. దోస్తీకి అది గుర్తు. ఎవరి బిళ్ళ ఎవరు ఇస్తారో చూసి ఎవరి దోస్తీ ఎంత గట్టిదో చెప్పొచ్చు. సర్దార్గా ఉన్నన్ని రోజులూ దాని మీద నేను అరిచాను, అరిచి మళ్లీ చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ మనిషి వెనకే వస్తున్నాడని కళ్లకి కనబడేది కాబట్టి. ఇక్కడ వెనక ఎవరూ రావడం లేదు.

టైం చూశాను. పదకొండు ఇరవై రెండు. సైరన్లు రెండు వేస్తారు. పదకొండున్నరకి ఒకటి, పేల్చేముందు ఒకటి. చెవులు లేని మనిషికి రెండయినా ఒకటే, రెండు వందలయినా ఒకటే.

ఫోన్ తీశాను. ఆఫీసరు నంబరు పైనే ఉంది. నొక్కితే చాలు, అవతల బ్లాస్టింగ్ ఆగుతుంది. నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదో దాచుకోకుండా చెప్తాను. నొక్కితే ఏం చెప్పాలి? నా లెక్క తప్పింది, సంతకం తప్పు, మనిషి పైనే ఉన్నాడు, ఇదీ చెప్పాల్సింది. ముప్పై ఏళ్ల పరువు ఒక్క ఫోనుతో గంగలో కలుస్తుంది. వచ్చే ఆదివారం నుంచి గేటుకి తాళం పడుతుంది. ముసలాయన ఎంత దూరం పోయుంటాడు, పది నిమిషాల్లో చెయ్యి పట్టుకుని దింపుకొస్తే మూడో మనిషికి తెలియదు అనుకున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను.

వెనక నుంచి, కల్వర్టు మీదున్న జోడీదారు కేకేశాడు. "సర్దారూ! ఫోన్ చేసినవా?"

"చేసిన! నువ్వాడనే కూసో" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

మొదట మేమందరం కూర్చుని మాట్లాడుకున్న వేపచెట్ల దగ్గరికి పోయాను. లేడు. అక్కడే నాకు ఒక సంగతి గుర్తొచ్చి ఒళ్లు మండింది, నా మీద నాకే. పొద్దున అందరినీ ఊపిరి బిగబట్టి నిలబడమని, పొదల్లోంచి కౌజు పిట్ట కూస్తుంటే వినమన్నాను. విన్నారా అంటే అందరూ తలలూపారు. ఆయనా ఊపాడు. ఆయనకి ఏం వినబడి ఉంటుంది? నలుగురిలో చిన్నబోవడం ఇష్టంలేక ఊపాడు. నాకు అప్పుడే తెలుసు, తెలిసీ ముందుకు నడిచాను. వారం వారం అందరినీ వినండి వినండి అనడమేగాని, చెవుల్లేనాయనకి కంటితో చూపించాలన్న ఆలోచన నాకు రాలేదు.

మొదటి సైరన్ మోగింది. గుట్టంతా ఊగినట్టయింది. చెట్ల మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

అప్పుడైనా ఫోన్ చేయొద్దూ? జేబులో చెయ్యి పెట్టాను, తీసేశాను. వెదురు పొదల దాకా చూద్దాం, అక్కడే ఉంటాడు అనుకున్నాను. మోకాళ్లు నొప్పులు పెడుతున్నాయి, మట్టి జారుతోంది, రెండుసార్లు చేతుల మీద పడ్డాను. పేరు పెట్టి అరుస్తున్నాను, చెవిటివాణ్ని అరిచి పిలుస్తున్నానని అరిచాక గాని తట్టడం లేదు. వెదురు పొదల దగ్గరా లేడు.

అక్కడి నుంచి వెనక వాలు కనిపిస్తుంది. ఆ వాలు మొదట్లో మట్టి మీద చెప్పుల గుర్తులు, కర్ర గుర్తులు. ఆయనవే. రాళ్లు పడే వైపే దిగాడు.

టైం పదకొండు నలభై ఆరు. ఇంక పరువూ లేదు, పాడూ లేదు, ఫోన్ నొక్కాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. పూర్తిగా మోగి ఆగిపోయింది. జీవితంలో దేవుణ్ని అంత గట్టిగా ఎప్పుడూ తలచుకోలేదు. మళ్లీ నొక్కాను.

"చెప్పండి సర్దార్ గారూ" అన్నాడు ఆఫీసరు. వెనక నుంచి గిన్నెల చప్పుడు వినబడుతోంది.

"సార్, ఆపాలె. బ్లాస్టింగ్ ఆపాలె. గుట్ట మీద మనిషున్నడు."

"అదేంటండీ, సంతకం పెట్టారు కదా?"

"పెట్టిన సార్. తప్పు పెట్టిన. వెనక వాలుకు దిగిండు, చెవులు ఇనపడవు. జల్ది ఆపుమను సార్, నీ కాళ్లు మొక్కుత."

ఫోన్ పెట్టేశాడు. ఆపారో లేదో నాకు ఎట్లా తెలియాలి? చెప్పుల గుర్తులు పట్టుకుని కిందికి జారుతూ పోయాను. ఇప్పుడు ఆ వాలు మీద ఇద్దరం ఉన్నాం. భయమేసింది. ఆ ముసలాయన గురించే కాదు, నా గురించీ భయమేసింది. మా ఆవిడ గుర్తొచ్చింది.

ఆయన ఒక కానుగ చెట్టు మొదట్లో గొంతుక్కూచుని ఉన్నాడు. నేను ఆయాసపడుతూ, అరుస్తూ, రాళ్లు దొర్లించుకుంటూ పోతుంటే, నా నీడ చూసి తల తిప్పాడు. తిప్పి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. చప్పుడు చేయొద్దట! పొద వైపు చూపించాడు. పొద కింద కౌజు పిట్ట, దాని వెనక బొటనవేలంతేసి పిల్లలు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను బావిలో బోనస్ రోజు కూడా చూడలేదు.

అప్పుడే రెండో సైరన్ మొదలైంది.

ఆయన చెయ్యి పట్టి లాగాను. కోపంగా విడిపించుకోబోయాడు. నా ముఖం చూసి ఆగాడు. పరిగెత్తే వయసు ఇద్దరిదీ కాదు, పాకాం. సైరన్ మోగుతూ మోగుతూ మధ్యలో తెగిపోయింది. నేను ఆయన్ని నేలకు అదిమి, మీద పడుకుని, కళ్లు మూసుకున్నాను. ఏమీ పేలలేదు. చాలాసేపటికి అవతల నుంచి ఎర్రజెండా పట్టుకున్న గార్డు ఈలలు వేస్తూ చేతులూపుతూ కనిపించాడు. అప్పుడు లేచి కూర్చుని ఏడ్చాను. ఆయన ఏమీ అర్థంకాక నా వీపు తట్టాడు.

గేటు దగ్గర ఆఫీసరు వచ్చి నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందని అడిగాడు. జోడీదారు బిళ్ళ ఇచ్చేశాడని చెప్పాను. అది నిజమే. ఎప్పుడు తెలిసిందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. తెలియగానే ఫోన్ చేశాననుకున్నాడు. జోడీదారు పక్కనే నిలబడి అంతా విన్నాడు. నా ముఖంలోకి ఒకసారి చూశాడు, తల దించుకున్నాడు.

సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకింది. సర్దార్ ప్రాణానికి తెగించి మనిషిని కాపాడాడట. దోస్తు చేతులారా చంపబోయాడట. చెవులులేని ఆయన భార్య, జోడీదారు గుమ్మంలో అడుగు పెట్టబోతే అడ్డం నిలబడిందట. "అన్నా, నిన్ను తోడబుట్టినోడి లెక్క చూసిన. ఇగ మా ఇంటికి రాకు" అందట. నలభై ఏళ్లుగా పొద్దున చాయ్ ఆ ఇంట్లోనే తాగే మనిషి, మర్నాటి నుంచి చౌరస్తా హోటల్లో ఒక్కడే తాగుతున్నాడు.

నేనూ అక్కడే తాగేవాణ్ని. నన్ను చూసి జరిగి చోటిచ్చేవాడు. "మోకాళ్లు తగ్గినయా సర్దారూ?" అని అడిగేవాడు. అంతే. నువ్వు ఫోన్ చేసినవా అని మళ్లీ అడుగుతాడేమోనని ప్రతిరోజూ భయపడ్డాను. అడగలేదు. అడిగి తిట్టి ఉంటే నేను హాయిగా గొడవపడి ఉండేవాణ్ని. ఐదు రోజులకి చాయ్ గొంతు దిగడం మానేసింది.

శనివారం పొద్దున చెవులులేని ఆయన క్వార్టరుకి పోయాను. ఆయన భార్య ఎదురొచ్చింది. "రా అన్నా, రా, కూసో. నీ పుణ్యాన మా ఆయన దక్కిండు" అని కుర్చీ తుడిచి వేసింది. చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమె పోయేదాకా ఆగి, ఆయన ముందుకి వంగి చిన్నగా చెప్పాను.

"నాకు తెల్సినంక కూడ నేను ఫోన్ చెయ్యలె. ఇరవై నాలుగు నిమిషాలు ఆగిన. నా ఇజ్జత్ పోతదని ఆగిన."

ఆయన నా ముఖంలోకి చూస్తూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందీ? గట్టిగ చెప్పు."

గొంతు పెంచి మళ్లీ చెప్పాను. పక్కింటామె బట్టలు ఆరేస్తూ ఇటు తిరిగింది.

"ఇనపడ్తలేదు. ఇంకా గట్టిగ చెప్పు."

"తెల్సి గూడ ఫోన్ చెయ్యలే!" అని అరిచాను. "నీ బావకు చేసిన అని అబద్ధం చెప్పిన! తప్పు నాది గూడ!" వీధి వీధంతా విన్నది. లోపల స్టవ్ ఆపిన చప్పుడయింది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆయన చెవి దగ్గరి నుంచి చెయ్యి తీశాడు.

"మొదటిసారే సమజైంది" అన్నాడు. "నువ్వు మూతి కదిలిస్తే నాకు తెల్వదా? లోపలున్న ఆమెకు ఇనపడాలె గదా."

ఆమె కొంగు సర్దుకుని, నా వైపు చూడకుండా, చెప్పులేసుకుని పక్క వీధికి నడిచింది, తను గుమ్మంలో ఆపిన అన్నను పిలవడానికి.