చప్పుడు లేని రివర్స్

లారీ వెనక్కి తీసేటప్పుడు మిగతా క్లీనర్లు "రానీ, రానీ" అని గొంతు చించుకుంటారు. రాములు మాత్రం నోరు తెరిచేవాడు కాదు. వయసులో ఉన్నన్నాళ్లూ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసినవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. షెడ్డు నిండా సాంచాలు ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. భుజం తట్టో, చెక్క మీద కొట్టో చెప్పుకోవాల్సిందే. సాంచాల పని సన్నగిల్లి లారీ ఎక్కినా ఆ అలవాటు అతని చేతిని వదల్లేదు. లారీ వెనక నిలబడి బాడీ చెక్క మీద వేళ్లతో టకటక కొట్టాడంటే రమ్మని. అరచేత్తో దబ్బున ఒక్క దెబ్బ వేశాడంటే ఆగమని.

ఆ లారీ నడిపే ఫక్రుద్దీన్ కోరుట్లవాడు, రాములు కన్నా బాగా చిన్న. స్టీరింగు పట్టిన కొత్తలోనే రాములు అతనికి జతపడ్డాడు. ఇద్దరూ కలిసి సిరిసిల్లకు నూలు తెచ్చేవాళ్లు, అక్కడి నుంచి బట్ట ఎత్తేవాళ్లు. బేళ్లు దించే సందులు ఎంత ఇరుకైనా లారీ గోడకు వెంట్రుకవాసి దూరంలో నిలిచేది. అలా ఫక్రుద్దీన్‌కు రివర్స్ అంటే చెవితో చేసే పని అయిపోయింది. అద్దాలు తల దువ్వుకోవడానికి పనికొచ్చేవి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనుల్లో బొగ్గు ఆగింది, కరెంటు తగ్గింది, సాంచాలు పడుకున్నాయి. ఎత్తడానికి బట్ట లేదు. దసరా దాటగానే బండి అమ్మేస్తానని లారీ సేటు చెప్పేశాడు. సమ్మె ముగిశాక మళ్లీ సాంచాల దగ్గరికి పోతానన్నాడు రాములు. ఫక్రుద్దీన్‌కు లారీ తప్ప వేరే పని రాదు. అప్పుడే జగిత్యాలలో ఒక ప్రైవేటు కంపెనీ దుబాయికి డ్రైవర్లను పరీక్ష పెట్టి పంపుతోందని తెలిసింది. బొంబాయి నుంచి వచ్చిన పరీక్షాధికారి పాసన్నవాడికే వీసా. పరీక్షంతా ఒకటే పని. డ్రమ్ముల మధ్యకి లారీని వెనక్కి తెచ్చి పెట్టాలి, అద్దాలు చూసుకుంటూ. క్లీనర్ ఉండడు.

"నాతోని కాదు కాక," అన్నాడు ఫక్రుద్దీన్.

"నేర్చుకుంటే అదే అయితది. రేపటి సంది మొదలువెడదాం."

కోరుట్ల బయట ఖాళీ జాగాలో రాములు పాత డ్రమ్ములు నిలబెట్టాడు. ఫక్రుద్దీన్ రివర్స్ గేరు వేశాడు. డ్రమ్ము దగ్గరపడగానే రాములు చెయ్యి దానంతట అదే లేచి బాడీ మీద దబ్బున పడింది. లారీ ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అంతే. పొద్దంతా గడిచినా ఫక్రుద్దీన్ అద్దం వైపు చూడలేదు. చివరికి రాములు తన తువ్వాలతో తన చేతులే కట్టించుకున్నాడు. కట్టింది ఫక్రుద్దీన్ భార్య రేష్మా. అన్నం గిన్నె తెచ్చినామె ఆ కోరిక విని నవ్వాపుకోలేకపోయింది.

"ఏంది రాములు కాక, రాస్తారోకోల పోలీసులకు దొరికినవా?"

"నీ మొగని చేతికే దొరికిన బిడ్డా. గట్టిగ కట్టు."

ఆ రోజు డ్రమ్ము చపాతీలా అణిగిపోయింది. ఫక్రుద్దీన్ దిగొచ్చి, "ఎందుకు కొట్టలే?" అన్నాడు కోపంగా.

"దుబాయిల నేనుంటనా?"

ఫక్రుద్దీన్ పోయి అద్దాలు తుడుచుకున్నాడు.

పరీక్ష రోజున ఖాళీ లారీకి ఉద్యమ జెండా కట్టుకుని ఇద్దరూ జగిత్యాల చేరారు. పరీక్షా స్థలం చుట్టూ రేకుల ప్రహరీ. డ్రైవర్లను తప్ప లోపలికి రానివ్వలేదు. రాములు రోడ్డు మీదే ఆగి, రేకుకున్న కంత లోంచి చూస్తున్నాడు. ఫక్రుద్దీన్ కంపెనీ లారీ ఎక్కి వెనక్కి తీశాడు. చూపు అద్దం మీదే ఉంది. సగం లోపలికి వచ్చాడో లేదో, జెండాలు పట్టుకుని, డప్పులతో ఒక ఊరేగింపు ఆ వైపే వచ్చింది. పడుచువాళ్లు నడుస్తూ నడుస్తూ రేకుల మీద అరచేతులతో దబదబ కొట్టారు.

లోపల లారీ ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఎందుకు ఆపావని పరీక్షాధికారి హిందీలో అడిగాడు. ఫక్రుద్దీన్ రేకుల వైపు వేలు చూపించాడు. "ఇంకొక్కసారి, ఇదే ఆఖరు," అన్నాడు ఆయన.

రాములు పరుగున ఊరేగింపు ముందుకు పోయాడు. అక్కడ జెండా పట్టుకున్నది చిన్నవ్వ అనే పెద్దామె.

"అవ్వా, జర గా రేకులు కొట్టొద్దని చెప్పు. లోపట మావోడు పరీక్ష ఇస్తున్నడు."

"సమ్మెల పరీక్షేంది? బందు జెయ్యుమను."

"దుబాయి పోయే పరీక్ష అవ్వా. గిది తప్పితే ఇంక బతుకుదెరువు లేదు."

ఆ మాటతో ఆమె ముఖం మారింది. "మా పెద్దోడు గూడ ఆడనే ఉన్నడు," అంది. వెనక్కి తిరిగి, "ఓ పోరగాండ్లు, జరసేపు నోర్లు, చేతులు రెండూ మూసుకోండ్రి. లోపట ఒగని బతుకు రివర్సుల ఉన్నది," అని కేకేసింది.

నవ్వులు లేచాయి. "తెలంగాణ అచ్చినంక గూడ దుబాయేనా కాక?" అన్నాడు డప్పు పట్టుకున్నతను.

"అచ్చినంక వాపసు పిలుద్దాం తియ్యి. ముందుగాల పాస్ కానియ్యి," అంది చిన్నవ్వ.

డప్పు ఆగింది. అంత జనం ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. రాములు కంత దగ్గరికి వచ్చాడు. లోపల ఫక్రుద్దీన్ చెవి ఒగ్గి, దేనికోసమో ఆగినట్టు కూర్చున్నాడు. ఏ చప్పుడూ రాలేదు. మెల్లగా తల తిప్పి ఒక అద్దం చూశాడు, తర్వాత రెండోది. లారీ కదిలింది. రాములు తన చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. లారీ డ్రమ్ముల మధ్యకి వచ్చి, ఎటూ తగలకుండా నిలిచింది.

"అయ్యిందా?" చిన్నవ్వ గుసగుసగా అడిగింది.

"అయ్యిందవ్వా."

మళ్లీ డప్పు మొదలైంది. కాసేపటికి ఫక్రుద్దీన్ బయటికి వచ్చాడు. పాసయ్యాడని ముఖమే చెబుతోంది. "ఒక్క చప్పుడు లేకపాయె కాక. పానం పోయినంత పనైంది," అన్నాడు.

కోరుట్ల రోడ్డు ఖాళీగా ఉంది. బస్సు లేదు, జీపు లేదు. రెండు వైపులా పసుపు చేలు. నడిమధ్యలో ఫక్రుద్దీన్ లారీ ఆపాడు.

"దిగి ఇటు రా కాక. స్టీరింగు పట్టు."

"ఏం పరాచికమిది? నాకు రాదు."

"సేటు బండి అమ్మినంక పడతవా? ఇసొంటి రోడ్డు మళ్ల దొరుకుతదా? కుక్క గూడ అడ్డం రాదు."

రాములు కాసేపు గునిశాడు. చెప్పులు విడిచి ఎక్కి కూర్చున్నాడు. క్లచ్చు వదలగానే లారీ ఎగిరెగిరి, సర్దుకుని, ఎడ్లబండి నడకలో పడింది. అతని చూపు మాత్రం మాటిమాటికీ అద్దంలోకి పోతోంది. వెనక బాడీ ఎటు వంగుతోంది, చక్రం ఎక్కడుంది అన్నదే అతని ధ్యాస. రోడ్డు ముందు కూడా ఉందన్న సంగతే మరిచాడు.

"ముందట సూడు కాక," అన్నాడు ఫక్రుద్దీన్, స్టీరింగు మీద ఒక చెయ్యి వేసి సరిచేస్తూ. "వెనుక నేను సూస్త."