వెయ్యో ఎపిసోడ్ నడుస్తుండగా నా ఎడమ కన్ను

ఆ రోజు శనివారం. దోసెల పిండి రుబ్బి మూత పెట్టి, పోలీసు సీరియల్ చూద్దామని మంచం మీద కుడివైపు ఒత్తిగిలి పడుకున్నాను. టీవీలో సీఐ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా కనిపిస్తోంది, చేతులు కనిపిస్తున్నాయి. ముఖం ఉండాల్సిన చోట పొగ ఉంది. ఆ పొగలో నల్లటి వెంట్రుకల్లాంటివి ఈదుతున్నాయి. లేచి కూర్చుంటే పొగ పోయింది. మళ్ళీ పడుకుంటే వచ్చింది. నా కంటికి ఏదో అయిందన్న ఊహే రాలేదు. టీవీ పాడైందనుకున్నాను.

నా పేరు కరుణమ్మ. కోవూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. పొద్దున పూట ఇంటి ముందు కారం దోసెలు పోసి అమ్ముతాను. మా ఆయన పోయాక ఆయన చెల్లెలు సుశీల నా దగ్గరే ఉంటోంది, ఆమెకూ భర్త లేడు. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే ఇది సుశీల రాస్తోంది.

మా ఇద్దరికీ ఆ సీరియలే తోడు. అది మొదలైనప్పుడు మా ఆయన బతికే ఉన్నాడు. అందులో ఒంటరి ఆడవాళ్ళను చంపి తప్పించుకు తిరిగేవాడు ఒకడున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వాడి ముఖం చూపించలేదు. చెప్పులు చూపిస్తారు, గోడ మీద నీడ చూపిస్తారు, అంతే. వాడు ఎవడన్న దాని మీద నేనూ సుశీలా ఎన్నోసార్లు మాట్లాడుకోవడం మానేసేంత పోట్లాడుకున్నాం. వెయ్యో ఎపిసోడ్‌లో ఆ ముఖం చూపిస్తామని టీవీలో ప్రకటన మీద ప్రకటన వేస్తున్న రోజులవి.

కేబుల్ మనిషిని పిలిపించాను. అతను వైర్లు పీకి, మళ్ళీ పెట్టి చూశాడు.

“పెద్దమ్మా, బొమ్మ అద్దం మాదిరి ఉండాది. పొగ ఎక్కడ కనిపించింది నీకు?”

“సీఐ ముఖం మీద.”

“ఆయన సిగరెట్టు తాగతా ఉండాడేమో!”

సుశీల నవ్వింది, నేనూ నవ్వాను. అతను పోతూ గుమ్మంలో ఆగాడు. “ఊరికే అన్నాలే. కళ్ళు చూపించుకో పెద్దమ్మా. మా నాయనకు ఇట్నే మొదలయ్యింది.” మీ నాయన ఇప్పుడెట్లా ఉన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు.

నాకు షుగర్ ఉంది. మా ఆయన ఆ షుగర్‌తోనే పోయాడు. మొదట కాలి పుండు, తర్వాత కిడ్నీలు, తర్వాత డయాలసిస్. అది చూసినదాన్ని కాబట్టి రిపోర్టు అంటేనే నాకు వణుకు. రక్త పరీక్షకు పోయే ముందు రోజు అన్నం ముట్టేదాన్ని కాదు, కాకరకాయ రసం తాగి పడుకునేదాన్ని. రిపోర్టు బాగా వచ్చేది. బాగా వచ్చింది కదా అని తర్వాతి రోజు నుంచి మామూలుగా తినేదాన్ని.

నెల్లూరులో కంటి ఆస్పత్రికి పోయాం. కంట్లో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి గోడలు, మనుషులు, సుశీల చీర రంగు, అన్నీ కరిగిపోయాయి. గుడ్డితనం ఇట్లా ఉంటుందా అనుకుని సుశీల చెయ్యి వదల్లేదు. తర్వాత స్కాన్ తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, మెల్లగా మాట్లాడుతుంది.

“దీన్ని డయాబెటిక్ రెటినోపతి అంటారమ్మా. షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిని, ఎడమ కంట్లో బ్లీడింగ్ అయింది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే కుడి కన్ను సర్దేస్తుంది. ఒత్తిగిలి పడుకున్నప్పుడు కుడి కన్ను దిండులో మూసుకుపోయింది, అందుకే బయటపడింది.”

“నా షుగర్ రిపోర్టులు బాగానే వచ్చినాయే.”

“ఇప్పుడు నేను రాసే రక్త పరీక్ష మూడు నెలల షుగర్ చెబుతుంది. ఒక్క రోజు పస్తుంటే అది మారదు.” ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు అర్థం కాలేదు. నాలాంటి వాళ్ళు రోజూ వస్తారేమో.

“కుడి కన్ను బాగుండాదా అమ్మా?” అని సుశీల అడిగింది.

“అందులోనూ మొదలైంది.”

చూపు మొత్తం పోతుందా అని అడిగాను. “పోకుండా చూడటానికే ఇంజెక్షన్, లేజర్ చేస్తాం. పోదని మాత్రం నేను మాటివ్వలేను” అంది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది.

ఇంజెక్షన్ కంట్లోకే. వినగానే లేచి వచ్చేద్దామనుకున్నాను. మత్తు చుక్కలు వేసి, ముఖం మీద చిల్లున్న గుడ్డ కప్పి, “పైకి చూడండి, కదలకండి” అన్నారు. నొప్పి పెద్దగా లేదు, ఎవరో వేలితో నొక్కినట్టు అనిపించింది. నన్ను చంపింది భయమే. గుడ్డ కింద ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఉన్నాను. బయటికి వచ్చాక డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. “తలస్నానం వద్దు. నేనిచ్చిన చుక్కలు తప్ప ఏ మందూ కంట్లో వేయకండి. నొప్పి వచ్చినా, ఎర్రబడినా, చూపు తగ్గినా ఫోన్ చేసి కూర్చోవద్దు, నేరుగా వచ్చేయండి.”

కొన్నాళ్ళకు పొగ పల్చబడింది. రెండో ఇంజెక్షన్ వెయ్యో ఎపిసోడ్ వచ్చే వారంలోనే పడింది. మా చర్చి సంఘంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ప్రార్థన చేసిన కొబ్బరి నూనె తెచ్చి నుదుట రాస్తారు. ఆ ఇంజెక్షన్ అయిన మర్నాడు మా ఇంటికీ వచ్చి ప్రార్థన చేసి, చిన్న సీసా ఇచ్చి పోయారు. దీపం ఆర్పాక భయం ఎక్కువయ్యేది. ఒక రాత్రి ఆ భయంలో సీసా తీసి ఎడమ కంట్లో ఒక చుక్క వేసుకున్నాను. ఏ మందూ వేయొద్దని డాక్టరమ్మ అంది. నూనె మందు కాదు కదా, ప్రార్థన కదా అనుకున్నాను. మర్నాడూ వేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం నుంచి కన్ను లోపల గుంజడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆస్పత్రికి లాక్కుపోతారు, వాడి ముఖం చూడటం తప్పిపోతుంది. సాయంత్రానికి పక్కింటి ఆడవాళ్ళు కూడా మా ఇంటికే వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. పాత రైసు మిల్లులో సీఐ మెట్లెక్కుతున్నాడు. పైన గదిలో వాడు అటు తిరిగి నిలబడి ఉన్నాడు. టీవీ వెలుగు కంట్లో సూదుల్లా దిగుతోంది. చీర కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నాను.

ఇన్నేళ్ళూ ఆ సీరియల్ చూసి భయపడటం నాకు ఇష్టంగా ఉండేది. తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకునేదాన్ని, అయినా ఆ భయం సబ్బుల ప్రకటన రాగానే దిగిపోయేది. ఆ సాయంత్రం ప్రకటనలు వచ్చాయి, పోయాయి, నా గుండె దడ మాత్రం అట్లాగే ఉంది.

ప్రకటనల్లో సుశీల నా కొంగు లాగి చూసింది.

“వదినా! కన్ను చింతనిప్పు మాదిరి ఉండాదే!”

“అయిపోనీ. వాడి ముఖం చూసేసి పోదాం.”

“వాడి ముఖం వాళ్ళమ్మ చూసుకుంటాది, నువ్వు లే!”

టీవీ కట్టేసింది. పక్కింటి ఆమె గోల పెట్టింది. “రవ్వంత సేపు ఆగు సుశీలా, తలుపు తీస్తా ఉండాడు!”

“మీ ఇంటికి పోయి చూసుకో అక్కా, మీకూ టీవీ ఉండాది గదా!”

ఆటోలో పెన్నా వంతెన దాటుతున్నప్పుడు కుడి కన్ను చేత్తో మూసి చూశాను. వంతెన దీపాలు లేవు. ఎదురొచ్చే లారీల వెలుగు లేదు. బూడిద రంగు తప్ప ఏమీ లేదు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు లైటు వేసి చూసి, “ఎండాఫ్తాల్మైటిస్ లాగుంది, కంటి లోపలంతా ఇన్ఫెక్షన్, మేడమ్‌ను పిలవండి” అని నర్సును పరుగెత్తించాడు. కంట్లో ఏం వేశారని అడిగితే ఏమీ వేయలేదన్నాను.

“నూనె వేసింది సార్. తలగడ కింద సీసా చూసినా” అంది సుశీల.

డాక్టరమ్మ వచ్చింది, తిట్టలేదు. “ఇన్ఫెక్షన్ నూనె వల్లే వచ్చిందని చెప్పలేను. ఇంజెక్షన్ తర్వాత కూడా అరుదుగా వస్తుంది. కానీ తెల్లారేదాకా ఆగి ఉంటే నేను చేయగలిగింది చాలా తక్కువ.” అప్పుడే కంట్లోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అయినా తగ్గక, తర్వాత కంటి లోపలి జెల్లీ తీసేసే విట్రెక్టమీ అనే ఆపరేషన్ కూడా చేశారు.

పాస్టరు గారు చూడటానికి వచ్చారు. “నుదుట రాసుకోమంటిమి గానీ కంట్లో పోసుకోమంటిమా, కరుణమ్మా? ఆ డాక్టరమ్మ చేతుల కోసమూ ప్రార్థన చేసినాం గదమ్మా!” అన్నారు. వార్డులో అందరూ నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది, కన్ను తడవకూడదని దాన్నీ ఆపుకున్నాను.

కట్టు ఉన్నన్ని రోజులూ సుశీల పక్కన కూర్చుని వెయ్యో ఎపిసోడ్ కథ చెప్పింది. చంపినవాడు ఎవరంటే, మొదటి ఎపిసోడ్ నుంచీ పోలీస్ స్టేషన్‌లో అందరికీ టీ ఇస్తూ తిరిగినవాడు. మేమిద్దరం ఎందరినో అనుమానించాం గానీ వాడిని మాత్రం కాదు. తర్వాత సుశీల ఫోన్‌లో కుడి కంటితో నేనూ చూశాను. వాడు టోపీ తీసి ఇటు తిరిగాడు. చాలా మామూలు ముఖం. ఆ ముఖం చూడగానే, మా ఆయన పోయాక కూడా ఇంట్లో మనిషిలా నాతో పాటు తిని తిరిగిన షుగరే గుర్తొచ్చింది. ఇంకోసారి పెట్టనా అని సుశీల అడిగితే వద్దన్నాను.

ఇప్పుడు ఎడమ కంటికి కిటికీ వెలుగు, కదిలే చెయ్యి తెలుస్తాయి. అంతకంటే రాదని చెప్పేశారు. కుడి కంటికి లేజర్ అయింది, దానితోనే బతుకుతున్నాను. పెనం మీద పిండి సుశీల తిప్పుతుంది, కారం నేను పూస్తాను. సీరియల్‌లో కొత్త కేసు మొదలైంది. చూస్తున్నాను గానీ, మధ్యలో బొమ్మ కాస్త మసకేస్తే ఒళ్ళంతా చెమట పడుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. చూపు బాగున్నప్పుడే పోయి, చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. కనిపిస్తోంది కదా అని ఊరుకోకండి.

ఈ మాట చెప్పగానే సుశీల రాయడం ఆపింది. ఆమెకూ షుగర్ ఉంది. నన్ను అన్నిసార్లు ఆస్పత్రికి తీసుకుపోయింది గానీ ఒక్కసారి కూడా ఆ కుర్చీలో తాను కూర్చోలేదు.

“నాకు బాగానే కనపడతా ఉండాది వదినా. సూదిలో దారం ఎక్కిస్తా.”

“నేనూ దోసెలు పోస్తానే ఉంటిని గదే.”

సుశీల పెన్ను కింద పెట్టింది. తర్వాత, “ఏమన్నా ఉండాదని చెప్తే?” అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. సోమవారం పోతున్నామని రాయమన్నాను. రాశానంది. సోమవారం మా ఇంటి ముందు దోసెలు ఉండవు.