గేటు అడుగున తీసిన ఫొటోలు

2021. వానాకాలం వెళ్ళిపోతున్న రోజులు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే రోడ్డు మీద ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో నాది పాత కెమెరాల దుకాణం. కొంటాను, అమ్ముతాను, పాడైతే బాగుచేస్తాను. కరోనా దెబ్బకు చుట్టుపక్కల సగం హాస్టళ్ళకు తాళాలు పడ్డాయి. కోర్సులకు వచ్చే పిల్లలు లేరు, పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకు పనుల్లేవు. రోజుకు ఇద్దరు మనుషులు మెట్లు దిగి వస్తే గొప్ప.

ఆ రోజు వచ్చినాయనకు నలభై దాటి ఉంటాయి. నల్లగా, గట్టి భుజాలతో ఉన్నాడు. కౌంటర్ మీద పెట్టిన చేతుల మీద చర్మం ఎక్కడికక్కడ చెక్కుకుపోయి ఉంది.

"నీళ్ళలో ఫొటోలు తీసే కెమెరా కావాలండి. రెండు షాపుల్లో అడిగితే ప్లాస్టిక్ సంచి చూపించారు."

ఆ సంచి నాకు తెలుసు. ఫోన్ లోపల పెట్టి జిప్పు వేసుకుని ఈతకొలనులో దిగడానికి పనికొస్తుంది. అండమాన్‌కో గోవాకో పోతున్నాడనుకుని, ఎంత లోతు దిగుతవన్నా అని అడిగాను.

"ఎనభై అడుగులండి. డ్యామ్ గేటు దగ్గర."

పాతికేళ్ళలో డ్యామ్‌లో దిగడానికి కెమెరా అడిగిన మనిషి నాకు తగల్లేదు. కూర్చోమని స్టూలు వేశాను.

పేరు నూకరాజు. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. డ్యామ్ గేట్లకు, వంతెన పునాదులకు నీళ్ళ అడుగున రిపేర్లు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో డైవర్. ఆ కంపెనీ ఆఫీసు బేగంపేటలో ఉంది. డ్యామ్ పేరూ కంపెనీ పేరూ ఇక్కడ రాయను. నెల కిందట అదే డ్యామ్‌లో అతని బావ అప్పలరాజు చనిపోయాడు. ఇద్దరూ కలిసే పనిచేసేవాళ్ళు. ఆ రోజు బావ దిగాడు, పైన తాడు పట్టుకుని నూకరాజు ఉన్నాడు.

"గేటు పూర్తిగా మూసి ఉంది, దిగమన్నారండి. మూసి లేదు. ఎడంపక్క అడుగున సందు ఉంది. ఇవతల అంత నీళ్ళు, అవతల ఖాళీ. సందులోంచి నీళ్ళు లాగేస్తాయండి. చెయ్యి దగ్గరికి పోతే చెయ్యే పోద్ది. మా బావ భుజం దాకా పోయాడు."

కంపెనీవాళ్ళు రాసిన రిపోర్టులో వేరేగా ఉంది. గేటు సరిగ్గానే మూసి ఉందనీ, చెప్పిన చోటు వదిలి వేరే వైపు పోయి సొంత నిర్లక్ష్యం వల్ల చనిపోయాడనీ రాశారు. తర్వాత అవతలి పక్క కూడా నీళ్ళు నింపితే లాగుడు ఆగింది, ఇంకా అలాగే ఉంచారు. అప్పుడు నూకరాజే దిగి బావను పైకి తెచ్చాడు. ఆ చీకట్లో సందును చేత్తో తడిమి చూశాడు.

"నా చెయ్యి చూసింది ఎవరు నమ్ముతారండీ? వచ్చే వారం అక్కడ కొత్త రబ్బరు సీలు వేస్తారు. ఆ పనికి నన్నే దిగమన్నారు. వేసేశాక ఇంక సందు ఉండదు. అంతకు ముందే ఫొటో తియ్యాలి."

"మల్ల గాడికే దిగుతవా?"

"నేను దిగకపోతే ఇంకొకడు దిగుతాడు. ఆడు ఫొటో తియ్యడు కదండీ."

కెమెరాను నీళ్ళలోకి తీసుకుపోవాలంటే దారులు రెండు. వాటర్‌ప్రూఫ్ అని అమ్మే చిన్న కెమెరాలున్నాయి, కానీ ఎక్కువ వాటికి నలభై యాభై అడుగులే హద్దు. అంతకంటే లోతుకు హౌసింగ్ కావాలి. అంటే కెమెరా చుట్టూ బిగించే గట్టి పారదర్శకమైన పెట్టె. ప్రతి మోడల్‌కూ దాని హౌసింగ్ దానిదే. బటన్లు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడ బయటినుంచి నొక్కే పుల్లలు ఉంటాయి. అందుకే ముందు కెమెరా చూసుకుని తర్వాత హౌసింగ్ వెతకకూడదు. హౌసింగ్ దొరికే కెమెరానే కొనాలి.

నా దగ్గర అలాంటి జత ఒకటి పడి ఉంది. శ్రీనగర్ కాలనీలో ఒక సినిమా కెమెరామన్ వదిలించుకున్నది. నూటముప్పై అడుగుల దాకా తట్టుకునే పెట్టె, అందులో పట్టే చిన్న కాంపాక్ట్ కెమెరా. బటన్లు పెద్దవి. మందపాటి గ్లవ్స్ వేసుకుని నొక్కి చూడమన్నాను. ఒక వేలి కింద రెండు బటన్లు పడలేదు. అది ముఖ్యం.

పెట్టె రెండు ముక్కలు కలిసే చోట ఓ-రింగ్ ఉంటుంది. సన్నని రబ్బరు రింగు. నీళ్ళను ఆపేదంతా అదే. దాని మీద ఒక్క వెంట్రుక పడినా, ఇసుక రేణువు ఉన్నా పెట్టె నిండిపోతుంది. పాత రింగు తీసేసి కొత్తది వేశాను. గ్రీజు ఎంత పలచగా రాయాలో నాలుగుసార్లు చేయించాను. మొదటిసారి కెమెరా లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి ఒట్టి పెట్టెను అంత లోతుకూ దింపమని చెప్పాను. బకెట్లో పరీక్షిస్తే సరిపోదు, లోతులో ఒత్తిడి వేరు. పైకి వచ్చాక కాగితం పొడిగా ఉంటేనే కెమెరా పెట్టాలి.

"ఫ్లాష్ ఆపేసిన. బురదనీళ్ళల్ల ఫ్లాష్ ఏస్తె దుమ్ముల హెడ్‌లైట్ ఏసినట్టే, ఏం కనిపియ్యది. టార్చి పక్కకెల్లి కొట్టు," అన్నాను.

"అక్కడ నా చెయ్యే నాకు కనపడదండీ."

దానికి ఆ సాయంత్రం ఇద్దరం ఒక ఉపాయం చేశాం. పక్క సందులో బోర్డులు తయారుచేసే దుకాణం ఉంది. అక్కడ గాజులా కనిపించే అక్రిలిక్ షీటుతో అడుగు వెడల్పు పెట్టె చేయించాం. అందులో మంచినీళ్ళు నింపి గేటుకు ఆనించి, ఇవతలి వైపు నుంచి ఫొటో తీయాలి. అప్పుడు లెన్సుకూ ఇనుముకూ మధ్య బురద ఉండదు. కనిపించేది ఒక అడుగు మేరే. ఆ ఫొటో ఏ గేటుదో ఎలా తెలుస్తుందని నూకరాజే ఆలోచించాడు. గేటు మీద పెయింటుతో రాసిన నంబరు దగ్గర మొదలుపెట్టి, అడుగు అడుగూ కిందికి జరుపుతూ సందు దాకా తీసుకుపోతానన్నాడు. ఎంత తెలివైనవాడో అప్పుడు అర్థమైంది.

మూడు వారాల తర్వాత వచ్చాడు. కార్డు నా కంప్యూటర్‌లో పెట్టాను. ముప్పై రెండు ఫొటోలు. మొదటి దాంట్లో నంబరు. తర్వాత తుప్పు, నాచు, బోల్టులు. ఒకదాని అంచు ఇంకోదానిలో కలుస్తూ కిందికి పోయాయి. చివరి మూడింటిలో సందు. అరచెయ్యి వెడల్పున నల్లగా ఉంది. రబ్బరు సీలు చిరిగి వేలాడుతోంది. దానికి చిక్కుకుని పసుపుపచ్చ నైలాన్ తాడు ముక్క.

"మా బావ నడుం తాడండి," అన్నాడు.

ఆ ఫొటోలు తీసిన మర్నాడే అతను మళ్ళీ దిగి, తన చేతుల్తోనే ఆ సందుకు కొత్త సీలు బిగించాడు.

బేగంపేట ఆఫీసులో విచారణ ఉంది, తోడు రమ్మన్నాడు. కెమెరా గురించి అడిగితే తనకు చెప్పడం రాదన్నాడు. దుకాణం మూసి వెళ్ళాను. విచారణ చేసే ఆఫీసరు ఒకాయన, కంపెనీ మేనేజరు, ఇంకో గుమాస్తా ఉన్నారు. ఆఫీసరు ఫొటోలన్నీ ఓపిగ్గా చూశాడు. తాడు దగ్గర చాలాసేపు ఆగాడు. మాకు ఆశ పుట్టింది. మేనేజరు లేచి వచ్చి, మౌస్ తీసుకుని, ఫొటో వివరాలు తెరిచాడు. ఫొటోతోపాటు తీసిన తేదీ, టైమూ కెమెరా లోపల రాసుకుంటుంది.

2016 జనవరి 1.

"సార్, ఇవి ఐదేళ్ళ కిందటి ఫొటోలు. అప్పుడు సీలు పాడైన మాట నిజమే. 2018లో మార్చాం, బిల్లులున్నాయి. ఆ పాత పనిలో కూడా ఈయన ఉన్నాడు," అన్నాడు మేనేజరు.

కెమెరాకు ఆ తేదీ ఫ్యాక్టరీలో పెట్టింది. చాలాకాలం బ్యాటరీ లేకుండా పడి ఉంటే లోపలి గడియారం ఆగిపోయి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు తేదీ అడుగుతుంది. నా కౌంటర్ మీద అది అడిగింది. నేను క్యాన్సిల్ నొక్కి ముందుకు పోయాను. దిగే రోజు దాకా బ్యాటరీ విడిగా ఉంచమన్నదీ నేనే; అక్కడ పెట్టగానే అది మళ్ళీ అడిగి ఉంటుంది, నేను చేసినట్టే అతనూ క్యాన్సిల్ నొక్కి ఉంటాడు. రబ్బరు రింగు మీద వెంట్రుక ఉందేమోనని భూతద్దం పెట్టి వెతికినవాణ్ణి, తేదీ పెట్టలేదు.

"సార్, తప్పు నాది. నేనే సెట్ చెయ్యలే," అన్నాను.

"మీరెవరు?"

"కెమెరా అమ్మిన."

మేనేజరు నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. ఆఫీసరు మాత్రం మంచిగానే అడిగాడు, నిరూపించడానికి ఇంకేమైనా ఉందా అని. అప్పుడు నాకు తట్టింది. తప్పు తేదీ నుంచైనా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు అది చూపించే టైముకూ అసలు టైముకూ తేడా కడితే, ఆ ఫొటోలు ఏ రోజు ఏ గంటకు తీశాడో నిమిషంతో సహా చెప్పొచ్చు. నూకరాజు సంచిలోంచి కెమెరా తీసుకుని ఆన్ చేశాను.

తేదీ పెట్టమని మళ్ళీ మొదటినుంచి అడిగింది.

"బ్యాటరీ తీసినవా?"

"పైకి రాగానే బ్యాటరీ, కార్డు తీసేసి, గుడ్డలో చుట్టి ఆరబెట్టమన్నారు కదండీ. ఇందాకే పెట్టాను." మెల్లగా, నన్ను తప్పుపట్టకుండా అన్నాడు.

అవును, నేనే చెప్పాను. నీళ్ళలోకి పోయిన ఏ కెమెరాకైనా అది సరైన సలహాయే.

పాత సీలు ఏదని ఆఫీసరు అడిగాడు. తుక్కులో వేశామన్నారు. ఆయన పెన్ను మూసి, రాసుకున్న కాగితం ఫైల్లో పెట్టాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. ఏదన్నా తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. "టీ తాగుదామా అండీ," అన్నాడు. తాగాం. రిపోర్టు మారలేదు.

పదిరోజుల తర్వాత అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు మంగ, అప్పలరాజు భార్య. మెట్లు దిగి, కెమెరాల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడింది.

"మా తమ్ముడు ఏదో ఫొటో తీశాడంట. చూపిస్తారా అన్నయ్యా?"

నూకరాజు వైపు చూశాను. చూపించమని తలూపాడు. నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూపించాను. ఆమె వేలితో తెర మీద తాకుతూ కిందికి వచ్చింది. తాడు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే అక్కా," అన్నాడు నూకరాజు.

"దిగమన్న చోటే దిగాడా? వేరే పక్కకి పోలేదా?"

"పోలేదక్కా. తాడు నా చేతిలోనే ఉంది. నిలువుగా కిందికే ఉంది."

ఆమె ఏడవలేదు. దాన్ని కాగితం మీద తీసి ఇస్తారా అని అడిగింది. పెద్ద సైజులో ప్రింటు తీశాను. ఇచ్చేటప్పుడు ఉండబట్టలేక నోరు జారాను.

"తేదీ నేను సక్కగ పెట్టి ఉంటె ఇయ్యాల గిట్ల కాకపోయేదమ్మా."

"నాకు తేదీతో పని లేదన్నయ్యా. ఏ రోజో నాకు తెలుసు," అంది. పమిట కొంగుతో ప్రింటు తుడిచి, మడత పడకుండా రెండు చేతుల్తో పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ మాటతో నాకు క్షమాపణ దొరికినట్టు చెప్పుకుంటే అది అబద్ధం. ఆమెకు తేదీతో పని లేదు. ఆమె భర్త పేరు పక్కన నిర్లక్ష్యం అని రాసినవాళ్ళకు ఉంది.

ఎంత లోతు, ఎంత బురద, గ్లవ్స్ ఎంత మందం అని ఆ రోజు నూకరాజును అన్నీ అడిగాను. అడిగినవన్నీ నీళ్ళ గురించే. ఆ ఫొటో పైకి వచ్చాక ఎవరి ముందు పెడతాడు, వాళ్ళు దాంట్లో ఏం వెతుకుతారు అని ఒక్కమాట అడగలేదు. కెమెరాలో నీళ్ళు పోకుండా కాపాడితే నా పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఎవరు ఏ కెమెరా కొన్నా ముందు ఆ ఫొటో ఎందుకని అడుగుతాను. తేదీ, టైము వాళ్ళ ఎదురుగా పెట్టి, మొదటి ఫొటో గోడ గడియారాన్ని తీయిస్తాను. కొంతమంది విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాను.

నూకరాజు ఇంకా దిగుతూనే ఉన్నాడు, వేరే కంపెనీలో. ఏడాదికోసారి కొత్త ఓ-రింగ్ కోసం వస్తాడు. రింగు నేను డబ్బాలోంచి తీసేలోపల, గోడ గడియారం చూసుకుని కెమెరాలో తేదీ తనే సరిచూసుకుంటాడు. నేను చూడనట్టు తల దించుకుంటాను.